కాళ్ళ కింది బండ కంటే కొండ మీది కథే ఎందుకు దగ్గర?

క్లుప్తంగా: సృష్టి గురించిన మత కథలను నమ్మేవారికి సైన్సు తెలియదనుకోవడం పొరపాటు. చాలామంది రెండూ విన్నవారే. కథకు ఊరు, కొండ, తిరునాళ్ళు, ఇంట్లో పెద్దల మాట తోడున్నాయి. సైన్సు మాత్రం ఎక్కువమందికి పరీక్ష పేపరు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. మనసు ఆలోచించే తీరు, తెలుగులో వాడే మాటలు, ఊహకు అందని కాలం లెక్కలు, కరువు సీమలోని అనిశ్చితి ఈ దూరాన్ని ఎలా పెంచాయో కర్నూలు, అనంతపురం, కడప పాత జిల్లాల ఉదాహరణలతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

గచ్చులో ఉన్న సముద్రం

రాయలసీమలో నాపరాయి వాడని ఇల్లు అరుదు. బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టుపక్కల గనుల నుంచి వచ్చే ఈ బండ గచ్చు అవుతుంది, అరుగు అవుతుంది, కొన్ని ఊళ్ళలో మిద్దె కప్పు కూడా అవుతుంది. పలుగుతో అంచున తట్టితే ఇది పలకలుగా ఎందుకు విడిపోతుందో దాని పుట్టుకలోనే ఉంది. ఒకప్పటి సముద్రం అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని గట్టిపడితే ఈ రాయి తయారైంది. ఇప్పుడు బిందెడు నీళ్ళ కోసం వెయ్యి అడుగులు తవ్వే నేల ఒకప్పుడు సముద్రం కింద ఉండేది.

భూగర్భ శాస్త్రంలో ఈ ప్రాంతాన్ని కడప బేసిన్ అంటారు. సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు, నెలవంక ఆకారం. బ్రిటిష్ కాలంలో విలియం కింగ్ దీన్ని పరిశీలించి 1872లో సమగ్ర నివేదిక ప్రచురించాడు. అప్పటి నుంచి ఇక్కడి రాళ్ళ పొరలకు ఇక్కడి ఊళ్ళ పేర్లే వాడుకలో ఉన్నాయి. గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, బనగానపల్లె, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. సీమ బస్టాండులో కండక్టర్ల కేకలుగా వినిపించే ఈ పేర్లను ఏ దేశపు భూగర్భ శాస్త్రవేత్త అయినా రాతి పొరల పేర్లుగా గుర్తుపడతాడు. తాడిపత్రి పొరల మధ్యకు చొచ్చుకువచ్చి గడ్డకట్టిన అగ్నిశిల వయసు దాదాపు 190 కోట్ల ఏళ్ళని తేలింది. దాని కింద ఉన్న వేంపల్లె రాళ్ళు అంతకన్నా పాతవి. ఆ వేంపల్లె రాతిలోనే క్యాబేజీని అడ్డంగా కోసినట్టు గుండ్రటి చారలు కనిపిస్తాయి. సూర్యరశ్మితో బతికే సూక్ష్మజీవులు లోతులేని నీటిలో చాపలా పరుచుకుని కట్టిన పొరలవి. వాటిని స్ట్రొమటోలైట్లు అంటారు. గాలిలోకి ఆక్సిజన్ చేరడానికి మూలం ఇలాంటి జీవులే.

అదే వేంపల్లె పక్కన పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోటు గండి. అక్కడ వీరాంజనేయస్వామి గుడి ఉంది. లంక నుంచి తిరిగి వస్తున్న రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడని, రాముడు బాణం మొనతో బండ మీద హనుమంతుడి రూపం గీశాడని, చిటికెన వేలు ఒక్కటి మిగిలిపోయిందని స్థలపురాణం. ఆ వేలును తర్వాత ఒక శిల్పి చెక్కబోతే నెత్తురు వచ్చిందని కూడా చెబుతారు. శ్రావణ శనివారాల్లో అక్కడికి వచ్చే జనంలో ఈ కథ తెలియనివారు తక్కువ. అదే కొండల రాళ్ళను పాపాఘ్ని సమూహమని పిలుస్తారని, ఆ గండిని నీరు లక్షల ఏళ్ళపాటు కోసిందని తెలిసినవారు బహు తక్కువ. చోటు ఒక్కటే, ఆ చోటుకు రెండు వివరణలు. ఒకటి ఇంటింటా ఉంది, రెండోది నివేదికల్లో ఉంది. ఈ తేడాకు కారణాలు నమ్మకంలో కంటే వివరణ జనానికి చేరే దారిలోనే ఎక్కువగా దొరుకుతాయి.

ఒక్క వింత చాలు

బనగానపల్లె దగ్గర యాగంటిలో నంది పెరుగుతోందని నమ్మకం. ఒకప్పుడు దాని చుట్టూ ప్రదక్షిణ చేసేవారని, ఇప్పుడు మండపం స్తంభాలు అడ్డొచ్చి వీలుకావడం లేదని పెద్దలు చెబుతారు. కలియుగాంతంలో ఆ బసవన్న లేచి రంకె వేస్తాడన్న మాట వీరబ్రహ్మేంద్రస్వామి చెప్పిన భవిష్యత్తుగా సీమంతటా వ్యాపించింది. ఇరవై ఏళ్ళకు అంగుళం పెరుగుతోందన్న లెక్క కూడా పురావస్తు శాఖ పేరుతో చెలామణి అవుతోంది.

ఈ కథ ఇంత గట్టిగా ఎందుకు నిలిచింది? మత విశ్వాసాలను మనస్తత్వ శాస్త్రం దృష్టితో పరిశీలించిన పాస్కల్ బోయర్ వంటివారు ఒక సూత్రం చెబుతారు. అన్ని విధాలా మామూలుగా ఉండే వస్తువుకు ఒక్క వింత గుణం తగిలిస్తే మనసు దాన్ని ఇట్టే పట్టుకుంటుంది, మరిచిపోదు. వింతలు ఎక్కువైతే కథ గందరగోళమవుతుంది, అసలు వింతే లేకపోతే గుర్తుండదు. రాతి నంది అందరికీ తెలిసిందే. అది పెరుగుతుందన్నది ఒక్కటే వింత. పైగా ఎవరైనా వెళ్ళి స్తంభానికీ నందికీ మధ్య సందు చూసి రావచ్చు, అంటే సాక్ష్యం కూడా ఉన్నట్టే అనిపిస్తుంది.

శాస్త్రం వైపు నుంచి చూస్తే ఇది తేల్చుకోలేని విషయమేమీ కాదు. నంది మీద కొన్ని బిందువులను గుర్తించి, వాటి మధ్య దూరాన్ని ఏటా ఒకే పరికరంతో, ఒకే రుతువులో కొలిచి, ఆ కొలతలను బయటపెడితే సరిపోతుంది. ఎండకు, తేమకు రాళ్ళు స్వల్పంగా ఉబ్బుతాయి, పొరలు విచ్చుతాయి. జీవమున్న దానిలా మాత్రం పెరగవు. అయినా "ఎంత పెరిగింది" అన్న ప్రశ్న భక్తుడికి అసలు ప్రశ్న కాదు. ఆ నంది కాలానికి గుర్తు. అది పెరిగే కొద్దీ యుగం ముగింపుకు వస్తోందని అర్థం. కొలత తెచ్చి చూపించేవారు వేరే ప్రశ్నకు జవాబు ఇస్తున్నారు.

"ఎలా"కు జవాబు వచ్చినా "ఎందుకు" మిగులుతుంది

ఈ రెండు ప్రశ్నల తేడాను బాగా పట్టుకున్న ఉదాహరణ ఆఫ్రికా నుంచి వచ్చింది. ఇప్పటి దక్షిణ సూడాన్ ప్రాంతంలో అజాండే ప్రజల మధ్య 1920లలో పని చేసిన మానవ శాస్త్రవేత్త ఇవాన్స్ ప్రిచర్డ్ ఒక విషయం గమనించాడు. గాదె కూలి కింద కూర్చున్నవారి మీద పడితే వాళ్ళు చేతబడి అనేవారు. గుంజలను చెదలు తిన్నాయని వాళ్ళకు తెలియక కాదు. చెదలు తిన్నాయి సరే, సరిగ్గా ఆ మనిషి కూర్చున్నప్పుడే ఎందుకు కూలింది? వారి వివరణ ఆ ప్రశ్నకు.

సీమలో ఇది పరాయి ఆలోచనేమీ కాదు. పాము కాటు వేస్తే విషం వల్ల ప్రాణం పోయిందని అందరికీ తెలుసు. ఆ రాత్రి నీళ్ళు కట్టడానికి అన్న బదులు తమ్ముడే ఎందుకు వెళ్ళాడు, అదే గట్టు మీద కాలు ఎందుకు పడింది అంటే సైన్సు యాదృచ్ఛికం అంటుంది, ఇల్లు తలరాత అంటుంది. యాదృచ్ఛికం అన్న మాట కన్నీళ్ళ మధ్య నిలబడదు. దక్షిణాఫ్రికాలో ఎయిడ్స్ గురించి క్రిస్టీన్ లెగారే, సుసాన్ గెల్మన్ 2008లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే కనిపించింది. వైరస్ వల్ల జబ్బు వస్తుందని బాగా తెలిసిన పెద్దవాళ్ళే మంత్రగాళ్ళ ప్రమేయాన్నీ ఒప్పుకున్నారు. చదువు పెరిగితే రెండో వివరణ దానంతటదే రాలిపోతుందన్న అంచనా అక్కడ నిజం కాలేదు.

పిల్లల మనసులో ఈ "ఎందుకు" ఇంకా ముందే మొదలవుతుంది. మొనదేలిన రాళ్ళు అలా ఎందుకున్నాయని అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త డెబొరా కెలెమెన్ చిన్నపిల్లలను అడిగారు. మట్టి కొంచెం కొంచెంగా పేరుకుందన్న జవాబు కంటే, జంతువులు వచ్చి వాటి మీద కూర్చోకుండా ఉండటానికి అన్న జవాబు వాళ్ళకు నచ్చింది. కత్తి కోయడానికి, చెంబు నీళ్ళకు ఉన్నట్టే కొండ కూడా దేనికోసమో ఉందని పసి మనసు అనుకుంటుంది. ఒక పని కోసం ఉన్న వస్తువుకు చేసినవాడు ఉండాలి కదా. సృష్టికర్త అన్న ఆలోచన అక్కడికి తేలిగ్గా చేరుతుంది. పెద్దయ్యాక ఇది పోతుందా అంటే, పూర్తిగా పోదు. 2013లో ఆమె బృందం వృత్తి శాస్త్రవేత్తలనే పరీక్షించింది. ఆలోచించడానికి సమయం లేకుండా తొందరపెడితే వాళ్ళు కూడా "చెట్లు ఆక్సిజన్ ఇచ్చేది జంతువులు బతకడానికే" వంటి వాక్యాలను మామూలు కంటే ఎక్కువగా ఒప్పుకున్నారు. శాస్త్రజ్ఞానం పాత ఆలోచనను చెరిపేయదు, దాని మీద మూత పెడుతుందంతే. తీరిక, శిక్షణ ఉంటే మూత నిలుస్తుంది. అందుకని సృష్టి కథను నమ్మేవారిని తెలివితక్కువవారిగా చూడటం మర్యాద తప్పడమే కాదు, శాస్త్రపరంగానూ తప్పు.

బోరు పాయింటు, టెంకాయ

అనిశ్చితి ఎక్కువైనప్పుడు మనిషి కనిపించని చేతి కోసం వెతుకుతాడు. పసిఫిక్ దీవుల్లో మానవ శాస్త్రవేత్త మలినోవ్‌స్కీ గమనించింది ఇదే. తీరం లోపలి ప్రశాంతమైన నీటిలో చేపలు పట్టేటప్పుడు తంతులు లేవు, ప్రాణభయం ఉన్న నడి సముద్రానికి వెళ్ళేటప్పుడు ఉన్నాయి.

అనంతపురం రైతుకు నడి సముద్రం అంటే బోరు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా, దేశంలోని అతి పొడి ప్రాంతాల్లో ఒకటి. కింద గట్టి గ్రానైటు జాతి రాయి. ఆ రాయిలో నీరు అంతటా ఉండదు, పగుళ్ళలో మాత్రమే ఉంటుంది. పది అడుగులు పక్కకు వేస్తే ఒక చేనులో నీళ్ళు, మరో చేనులో దుమ్ము. అప్పు తెచ్చి బోరు వేసే ముందు ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో సీమలో చెప్పనక్కర్లేదు. అందుకే జియాలజిస్టును పిలిచి మిషన్ పెట్టించిన రైతే అరచేతిలో టెంకాయ నిలబెట్టేవారినీ, వేపపుల్ల పట్టేవారినీ పిలుస్తాడు. టెంకాయ లేవడానికి కారణం ఉంది. పట్టుకున్నవారికి తెలియకుండానే కండరాలు సన్నగా కదులుతాయి, వారు మోసం చేస్తున్నారని అర్థం కాదు. ఎక్కడ తవ్వినా కొన్ని బోర్లు పడతాయి. పడినవి ఊరంతా చెప్పుకుంటారు, పడనివి ఆ ఇంట్లోనే మిగిలిపోతాయి. రెండు రకాల సలహా తీసుకున్న రైతుకు తాను పరస్పర విరుద్ధమైన పని చేస్తున్నట్టు అనిపించదు. చేతిలో ఉన్నవన్నీ వాడి చూస్తున్నాడు. వానల కోసం విరాటపర్వం చదివించే ఊళ్ళో వాతావరణ కేంద్రం సూచనలు కూడా వింటారు.

సృష్టి విషయంలోనూ జరుగుతున్నది ఇదే. పరీక్షలో డార్విన్, పండగకు బ్రహ్మ. రెండు పెట్టెలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మూత తీసినప్పుడు రెండోది మూసి ఉంటుంది.

మాటల దగ్గరే అడ్డు

ఇంగ్లీషులో రాసే పరిశోధకులు పట్టించుకోని చిక్కు ఒకటి తెలుగులో ఉంది. ప్రకృతి మొత్తాన్ని మనం సృష్టి అంటాం. "సృష్టిలో ఎన్ని వింతలో" అనగానే, సృష్టించినవాడు వాక్యంలో లేకపోయినా మాటలోనే ఉన్నాడు. లింగం, విగ్రహం వెలిసింది అంటాం. స్వయంభువు అంటాం. రాయి ఏర్పడింది అన్న మాట వీటి పక్కన చప్పగా ఉంటుంది.

అటువైపు జీవపరిణామ సిద్ధాంతం అన్న పేరు చూడండి. వాడుకలో పరిణామం అంటే జరిగిన దాని ఫలితం. "పరిణామాలు తీవ్రంగా ఉంటాయి" అని హెచ్చరికల్లో వాడే మాట. తరతరాలుగా జీవుల్లో వచ్చే మార్పు అన్న భావం అందులో వెంటనే తోచదు. సిద్ధాంతం ఇంకా ఇబ్బంది పెడుతుంది. అద్వైతం సిద్ధాంతమే, పార్టీలకూ సిద్ధాంతాలుంటాయి, పంచాంగం రాసేవారు సిద్ధాంతి. దాంతో "అది డార్విన్ సిద్ధాంతం, ఇది మన సిద్ధాంతం" అనడం తేలిక. శాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు. ఎన్నో పరీక్షలకు నిలిచి, ఎన్నో వాస్తవాలను ఒక్కతాటి మీదకు తెచ్చిన వివరణను అలా అంటారు. ఆ తేడా పాఠంలో ఒక్క వాక్యంగానైనా చెప్పకపోతే విద్యార్థికి తెలిసే దారి లేదు.

ఇక "కోతి నుంచి మనిషి పుట్టాడు" అన్న సూత్రం. 2018 జనవరిలో కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్ కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదని, డార్విన్ చెప్పింది తప్పని అన్నారు. దేశంలోని మూడు ప్రధాన సైన్సు అకాడమీలు కలిసి ఆ మాటను ఖండించాయి. నిజానికి పరిణామ శాస్త్రం కోతి మనిషిగా మారిందని చెప్పదు. ఇది చెప్పడానికి తెలుగులో చక్కటి మాట ఉంది, దాయాది. చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. ఉజ్జాయింపుగా 60, 70 లక్షల ఏళ్ళ కిందట ఇద్దరికీ ఒకే మూల వంశం ఉంది, తర్వాత వేరుపడ్డారు. పెద్దనాన్న కొడుకు నుంచి తాను పుట్టానని ఎవరూ అనుకోరు, వంశం ఒకటేనని మాత్రం ఒప్పుకుంటారు. భూమి పంపకాల్లో వంశవృక్షం గీయడం తెలిసిన సీమవాసికి ఈ బొమ్మ కష్టం కాదు. పాఠ్యపుస్తకాలు ఈ మాటను వాడుకుని ఉంటే సగం అపోహ ఉండేది కాదు.

కర్నూలు నుంచి కడపకు

భూమి వయసు 454 కోట్ల ఏళ్ళు. చదివిన వెంటనే మనసు ఆ అంకెను వదిలేస్తుంది. మనిషికి తాత ముత్తాతల దాకా కాలం అందుతుంది, రాయల కాలం దాకా ఊహ వెళుతుంది, ఆ తర్వాత అంతా "పూర్వం ఒకప్పుడు" అయిపోతుంది.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు దారి సుమారు 200 కిలోమీటర్లు. భూమి కర్నూలులో పుట్టిందని, ఈనాడు కడపలో ఉన్నామని అనుకుందాం. ఒక్క మీటరుకు సుమారు 22,700 ఏళ్ళు. పాణ్యం చేరకముందే తొలి జీవం మొదలైంది. ఆళ్ళగడ్డ దాటాక, కడప ఇంకా 80 కిలోమీటర్లకు పైగా ఉండగా కడప బేసిన్‌లో రాళ్ళు పేరుకుంటున్నాయి. సుమారు 48 కిలోమీటర్లు మిగిలి ఉండగా వజ్రకరూరు దగ్గర భూమి లోతుల నుంచి కింబర్లైటు తన్నుకొచ్చింది. తొలకరి వానకు వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వెతికే వజ్రాలను పైకి మోసుకొచ్చింది ఆ జాతి రాయే. గమ్యానికి మూడు కిలోమీటర్ల లోపు డైనోసార్లు అంతరించాయి. మన జాతి మనిషి చివరి 13 మీటర్లలో వచ్చాడు. విజయనగర సామ్రాజ్యం మొదలై ఇప్పటికి మూడు సెంటీమీటర్లు.

ఆ చివరి మీటర్లకు సాక్ష్యం కూడా సీమలోనే ఉంది. యాగంటికి దగ్గరలోని జ్వాలాపురంలో తెల్లటి బూడిద పొర బయటపడింది. సుమారు 74 వేల ఏళ్ళ కిందట ఇండోనేసియాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో ఎగిరి వచ్చి పడిన బూడిద అది. దాని కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. ఆ తవ్వకాల ఫలితాలు 2007లో ప్రచురితమయ్యాయి. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించిన ఎముకల్లో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరు మీదే శాస్త్రీయ నామం పెట్టారు. పెరిగే నంది గురించి చెప్పుకునే నోళ్ళకు ఈ సంగతులు కూడా తక్కువ వింతేమీ కాదు. చెప్పేవారే లేరు.

కాలం లెక్కల దగ్గరే మరో మెలిక ఉంది. పురాణాల ప్రకారం బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల ఏళ్ళు. ఇది 454 కోట్లకు దగ్గరగా ఉండటంతో పూర్వీకులకు భూమి వయసు ముందే తెలుసన్న వాదన వినిపిస్తుంది. రెండు అంకెలు వచ్చిన దారులు వేరు. యుగాల లెక్క 12 వేల దివ్య సంవత్సరాలను 360తో హెచ్చించి, దాన్ని వెయ్యి రెట్లు చేయగా వచ్చింది. అది భూమి పుట్టి ఎన్నాళ్ళైందో చెప్పే లెక్క కూడా కాదు, ఒక కల్పం నిడివి. 454 కోట్లు ఉల్కల్లో, రాళ్ళలో యురేనియం సీసంగా మారే వేగాన్ని కొలిచి చెప్పింది. అంత పెద్ద కాలాన్ని ఊహించగలగడం గొప్ప విషయమే. ఊహకూ కొలతకూ తేడా మాత్రం ఉంది.

ఎదిరించే చోట్లు, కలిపేసుకునే చోటు

అమెరికాలో ఈ వివాదం కోర్టుల్లో నడిచింది. 1925లో టెనెసీ రాష్ట్రంలో పరిణామం బోధించాడని ఒక ఉపాధ్యాయుడి మీద కేసు పెట్టారు. 2005లో పెన్సిల్వేనియాలో తీర్పు పరిణామ పాఠం వైపు తిరిగి, సృష్టివాదాన్ని పేరు మార్చి సైన్సు క్లాసులో చెప్పకూడదని వచ్చింది. 34 దేశాలను పోల్చి 2006లో ప్రచురించిన అధ్యయనంలో పరిణామాన్ని ఒప్పుకోవడంలో అమెరికా కింది నుంచి రెండోది, ఆఖరున టర్కీ. ఆ తర్వాతి ఏళ్ళలో అమెరికాలో ఒప్పుకునేవారు సగం దాటారు. కాలేజీ చదువులు, అందులోనూ సైన్సు కోర్సులు చదివినవారు పెరగడం ముఖ్య కారణంగా పరిశోధకులు చూపించారు. అక్కడ గొడవకు మూలం సృష్టి ఆరు రోజుల్లో జరిగిందన్న వాక్యాన్ని అక్షరాలా తీసుకోవడం. 17వ శతాబ్దంలో ఐర్లండుకు చెందిన ఆర్చిబిషప్ అషర్ సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని లెక్కకట్టాడు. అలాగని క్రైస్తవమంతా అలా లేదు. 1996లో పోప్ జాన్ పాల్ 2 పరిణామం వట్టి ఊహను మించినదని అన్నారు. విశ్వం ఒక బిందువు నుంచి విస్తరించిందని తొలిగా చెప్పిన జార్జ్ లెమైత్ర్ క్యాథలిక్ పూజారి. ఇస్లాంలో ఆదం మట్టి నుంచి పుట్టాడన్న వాక్యాన్ని పండితులు రకరకాలుగా వివరిస్తారు.

హిందూ సంప్రదాయంలో సృష్టికి ఒకే కథ లేదు. బంగారు గుడ్డు, విష్ణువు నాభి నుంచి తామర, పురుషుడి అవయవాల నుంచి లోకం, ఇలా ఎన్నో. ఋగ్వేదం పదో మండలంలో 129వ సూక్తమైతే ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో పైనున్నవాడికి తెలుసేమో, లేక అతనికీ తెలియదేమో అన్న సందేహంతోనే ముగుస్తుంది. కథలు ఎన్నో ఉన్నచోట కొత్త కథను తరిమేయాల్సిన పని లేదు, పక్కన చోటిస్తే సరిపోతుంది. సీమకు ఈ అలవాటు మరీ ఎక్కువ. ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వస్తారు, బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ అంటారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీరు ముందు హిందువులు గుండం తొక్కుతారు.

ఈ కలుపుగోలుతనం సైన్సుకు మేలూ చేసింది, ఇబ్బందీ తెచ్చింది. పరిణామ పాఠం చెప్పాడని ఉపాధ్యాయుణ్ణి కోర్టుకు ఈడ్చిన వాతావరణం ఇక్కడ లేదు. అయితే ఎదిరించకపోవడమంటే అర్థం చేసుకోవడం కాదు. దశావతారాలే పరిణామ క్రమం అన్న మాట ఇందుకు మంచి ఉదాహరణ. చేప, తాబేలు, పంది, నరసింహం, పొట్టి మనిషి, ఆ వరుస చూడటానికి బాగానే కుదురుతుంది. కానీ అవతారం ఒక సంకల్పంతో, ఒక పని కోసం, సంపూర్ణంగా దిగివస్తుంది. పరిణామంలో సంకల్పం లేదు, గమ్యం లేదు, మెట్లు లేవు. ఉన్నవాటిలో ఆ పరిసరాలకు తట్టుకున్నవి పిల్లల్ని కంటాయి, అంతే. చేప ఇంకా చేపగానే హాయిగా ఉంది. పోలిక దొరికిందని సంతోషించి ఆగిపోతే అసలు యంత్రాంగం ఎప్పటికీ తెలియదు.

పదో తరగతి అనే గడప

2023లో ఎన్సీఈఆర్టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో వంశపారంపర్యం, పరిణామం అన్న అధ్యాయం నుంచి పరిణామం భాగం పోయి వంశపారంపర్యం మిగిలింది. కోవిడ్ తర్వాత విద్యార్థుల మీద భారం తగ్గించడానికేనని, పన్నెండో తరగతిలో ఆ పాఠం ఉందని ప్రభుత్వం చెప్పింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెబుతూ లేఖ మీద సంతకాలు చేశారు. తెలుగు ఇళ్ళలో దీని అర్థం తేలిగ్గా తెలుస్తుంది. పది అయ్యాక ఎంపీసీ, సీఈసీ తీసుకునే పిల్లలు జీవశాస్త్రం పుస్తకం మళ్ళీ తెరవరు. పదిలో లేని పాఠం వారి జీవితంలో లేనట్టే.

పాఠం ఉన్నప్పుడు కూడా అది ఎలా నడిచిందన్నది ముఖ్యం. గలపాగోస్ దీవుల పిచ్చుకలు, జిరాఫీ మెడ, నాలుగు మార్కుల ప్రశ్న. వేంపల్లె బడిలో కూడా వేంపల్లె రాయి పాఠంలో లేదు. గండి కథను పిల్లవాడు అమ్మమ్మ చేయి పట్టుకుని మెట్లెక్కుతూ వింటాడు, టెంకాయ వాసన, గంట చప్పుడుతో కలిపి గుర్తుంచుకుంటాడు. డార్విన్‌ను గైడులో అండర్‌లైన్ చేసుకుని చదువుతాడు. పదిహేనేళ్ళ తర్వాత ఏది మిగులుతుందో ఊహించడం కష్టం కాదు. రాజ్యాంగంలో 51ఎ(హెచ్) అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుల విధి అంటోంది. 1976లో 42వ సవరణతో అది చేరింది. చిన్నప్పుడు కట్టని అలవాటు విధి అన్నంత మాత్రాన రాదు.

పత్తి చేనులో పరిణామం

సృష్టి ఎవరు చేశారన్నది ఒకరి నమ్మకంగా ఉండిపోతే ఎవరికీ నష్టం లేదు. జీవులు మారతాయన్న సంగతి అర్థం కాకపోతే మాత్రం నష్టం ఉంటుంది. అది ఆదోని, ఎమ్మిగనూరు పత్తి చేలల్లో కనిపిస్తోంది.

కాయతొలిచే పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే బీటీ పత్తికి దేశంలో 2002లో అనుమతి వచ్చింది. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. మొదట్లో మందు కొట్టే ఖర్చు తగ్గింది. పుట్టే లక్షల గులాబీ రంగు కాయతొలిచే పురుగుల్లో ఏ కొన్నింటికో ఆ విషాన్ని తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంటుంది. మిగతావన్నీ చస్తే అవే మిగులుతాయి, వాటితో అవే జతకడతాయి, తర్వాతి తరం నిండా తట్టుకునేవే ఉంటాయి. ఇది ముందే ఊహించి విత్తన ప్యాకెట్లతో మరో చిన్న ప్యాకెట్ ఇచ్చారు. 450 గ్రాముల బీటీ విత్తనాలకు తోడు 120 గ్రాముల బీటీ కాని విత్తనాలు, చేను చుట్టూ వేయమని. ఆ వరసల్లో మామూలు పురుగులు బతికి, తట్టుకునే పురుగులతో జతకడితే ఆ గుణం పలచబడుతుందన్నది లెక్క.

పురుగును చంపడానికి కొన్న విత్తనంతో పాటు పురుగును బతికించే విత్తనం ఎందుకు వేయాలి? పరిణామం ఎలా పని చేస్తుందో తెలియనివారికి ఇది అర్థం లేని సలహా. అప్పు మీద సేద్యం చేసే రైతుకు ఆ నాలుగు వరసలు కళ్ళెదుట నష్టం. దేశమంతటా చాలామంది ఆ చిన్న ప్యాకెట్‌ను పక్కన పడేశారు. అంగట్లో దాని సంగతి విడమరిచి చెప్పినవారూ తక్కువే. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి రకాన్ని పురుగు తట్టుకుందని బయటపడింది, కొన్నేళ్ళకు రెండో రకానికీ అదే గతి పట్టింది. ఇప్పుడు లింగాకర్షక బుట్టలు పెట్టమని, పంట త్వరగా ముగించి కట్టె పీకేయమని వ్యవసాయ అధికారులు చెబుతున్నారు. అవసరం లేకున్నా వాడే యాంటీబయాటిక్ మాత్రల దగ్గరా ఇదే యంత్రాంగం, పురుగుకు బదులు బ్యాక్టీరియా.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బోరాల మీద కూర్చున్న రైతుకు డార్విన్ పేరుతో పని లేదు. పురుగు ఏమైందని అడిగితే, ముందు మందుకు చచ్చేది, ఇప్పుడు మొండికేసింది, దాని సంతతే మారిపోయింది అని చెబుతాడు. ఏ ఏడు మొదలైందో, ఏ రకం విత్తనానికి ముందు వచ్చిందో, ఎవరి చేనులో మొదట కనిపించిందో కూడా చెబుతాడు. ఆ మాటల్లో పరిణామం ఉంది, కాలం ఉంది, సాక్ష్యం ఉంది. అదే రైతు ఇంటికి వెళ్ళే దారిలో ఎల్లమ్మ గుడి దగ్గర ఆగి దండం పెట్టుకుంటాడు.